అడుగున మిగిల్చిన తరవాణి

నా చిన్నప్పుడు, ఐదో తరగతి అయిపోయిన వేసవిలో, మా నాన్నకి టైఫాయిడ్ వచ్చింది. సాలూరు లారీల మీద తిరిగే మనిషి మంచానికి అతుక్కుపోయాడు. మాత్రలతో జ్వరం తగ్గింది గానీ ఏం తిన్నా కడుపులో నిలవడం లేదు. పల్చటిది ఏదైనా పట్టమన్నారు డాక్టరు గారు. "జొరంతో పాటు కడుపులో అగ్గి కూడా ఆరిపోనాది. రేపట్నుంచి తరవాణి తేట పట్టిద్దాం," అంది నాన్న తల్లి, మా మామ్మ.

తరవాణి కుండ వంటింటి మూల ఉండేది. రోజూ గంజి, మిగిలిన అన్నం అందులో వేస్తే పులిసేది. ఎంత వాడుకున్నా అడుగున గరిటెడు ఉంచి, దాని మీదే మళ్ళీ గంజి పోసేది మామ్మ. ఆ కుండ ఖాళీ అవడం నేనెప్పుడూ చూడలేదు.

పాచిపోయిన తిండిలో క్రిములుంటాయని బళ్ళో చదువుకున్నాను. నాన్న ఆ నీళ్ళు తాగుతాడంటే భయమేసింది. ఆ మాట పెద్దవాళ్ళతో అనే ధైర్యం లేదు. మామ్మ చేపలు కొనడానికి వెళ్ళినప్పుడు కుండని పెరట్లో ఒంపేసి, సబ్బు పెట్టి పీచుతో తోమి, వేణ్ణీళ్ళతో కడిగి బోర్లించాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

మామ్మ వచ్చి కుండ ఎత్తి వాసన చూసింది.

"అడుగుది కూడా ఒంపీసినావేటే?"

తలూపాను. తిట్టలేదు. సబ్బు పీల్చిన మట్టికుండ ఇక పనికిరాదని పక్కన పెట్టి, అటక మీద నుంచి ఇంకోటి దింపింది. "మా రోజుల్లో పొయ్యి ఆరిపోతే పక్కింటి నుంచి నిప్పు తెచ్చుకునేవోళ్ళం. ఎల్లు," అంటూ నా చేతికి చెంబిచ్చింది.

పక్కింటి పిన్ని గుమ్మంలో ఎంతసేపు నిలబడ్డానో. "ఏటే, సెంబు మాటాడుతాదని సూత్తన్నావా?" అందావిడ. అప్పుడు చెప్పాను. కుండ నేనే ఒంపేశానని, నాన్నకి తరవాణి కావాలని. అంతవరకూ ఎవరినీ నోరు తెరిచి ఏదీ అడిగి ఎరగను.

పిన్ని నవ్వింది. "ఇది మీదేనే. నాను కాపరానికొచ్చిన కొత్తలో మీ మామ్మే పోసినాది." చెంబులోకి రెండు గరిటెలు వంచి, తన కుండ అడుగున కాస్త ఉంచుకుంది.

దాని మీద మామ్మ పోసిన గంజి పులియడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ నాన్న మొహం చూడలేకపోయాను. మూడో రోజు పొద్దున్న, ఉప్పు వేసిన తేట గ్లాసుతో ఇచ్చింది మామ్మ. మధ్యాహ్నం దాకా అది కడుపులో నిలిచింది. అప్పుడు నాన్న నా వైపు తిరిగి, "ఇంకొంచెం ఉన్నాదేటే?" అన్నాడు.

తర్వాత రాజాంలో డిగ్రీ చదివేటప్పుడు, మన పేగుల్లో బతికే మంచి బ్యాక్టీరియా గురించి లైబ్రరీలో చదివాను. మందులు జబ్బు క్రిములతో పాటు వాటినీ చంపుతాయట. మామ్మ అన్నట్టు కడుపులో అగ్గి తగ్గితే ఆయుర్వేదం మందాగ్ని అంటుంది. రెండూ ఒకటేనని చెప్పేంత చదువు నాకు లేదు. తరవాణి వల్లే నాన్న తేరుకున్నాడనీ చెప్పలేను.

ఇప్పుడు ఆ కుండ నా వంటింట్లో ఉంది. అడుగున గరిటెడు ఎప్పుడూ ఉంచుతాను. ఎవరైనా మా గుమ్మంలో నిలబడి నీళ్ళు నములుతుంటే, వాళ్ళు అడిగేదాకా ఆగను. ముందు చెంబు అందుకుంటాను.