మా మామ మూడో డిస్కు

మంగళవారం పొద్దున ఆళ్ళగడ్డ నుంచి అత్త ఫోన్ చేసింది. "మీ మామ పోయినాడు పాపా" అంది. "ఆ డిస్కు నీ కాడ్నే ఉంది గదా?" అని అడిగింది. ఉందన్నాను. నంద్యాలలో మా ఇంట్లో, నా పుస్తకాల అరలో, నిఘంటువు పక్కన.

ఆయన మా అమ్మకు అన్న. దేవతా విగ్రహాలు చెక్కేవాడు. విగ్రహానికి కళ్ళు అన్నిటికంటే చివర, ప్రతిష్ఠ రోజున తెరుస్తారు. ఆ తర్వాత చెక్కినవాడైనా సరే ముట్టుకోకూడదు. పసుపు, వెండి తొడుగు, చీరలు వచ్చాక అసలు ముఖం మళ్ళీ కనబడదు. అందుకే ప్రతి విగ్రహాన్నీ షెడ్డు దాటకముందే, కళ్ళు లేకుండానే, నాలుగు వైపుల నుంచీ ఫొటో తీసేవాడు.

ఆ ఫొటోలున్న హార్డ్ డిస్కును ఇంట్లో వైఫై డబ్బాకు తగిలించాడు. ఇంట్లో ఎవరి ఫోన్‌లో అయినా కనబడేవి. రెండో డిస్కు రోజూ సాయంత్రం మొదటిదాన్ని ఉన్నదున్నట్టు దించుకునేది. మూడోది నా దగ్గర. నెలకోసారి బస్సులో వచ్చి పట్టుకుపోయి, కొత్తవి ఎక్కించి మళ్ళీ తెచ్చేవాడు.

"ఒకే ఇంట్లో రెండుంటే ఒకటున్నట్టే పాపా" అనేవాడు. నేను ఎక్కువ మాట్లాడేదాన్ని కాదు. ఆయన మాట్లాడించేవాడూ కాదు. చదువుతున్న పుస్తకం చూసి, "కథ చెప్పొద్దు. బాగుందా, లేదా?" అని మాత్రం అడిగేవాడు.

ఒకసారి దొర్నిపాడు వైపు నుంచి ఒక ఊరి పెద్ద వచ్చాడు. వాళ్ళ అమ్మవారి విగ్రహం పగిలింది. మళ్ళీ అదే ముఖం కావాలి. మామ డిస్కు తెరిస్తే ఆ ఫొటోలు లేవు. రెండో దాంట్లోనూ లేవు.

"కండ్లు లేని మొగాలు ఇంట్లో ఉండగూడదని నా ఫోన్లో తీసేసినా. నీ డిస్కు నేనేడ ముట్టుకున్యా?" అంది అత్త. ఫోన్‌లో తీస్తే డిస్కులోనే పోతాయని ఆమెకు తెలియదు. ఆమె తీసేసిన రోజు సాయంత్రమే రెండో డిస్కు కూడా ఉన్నదున్నట్టు చెరిపేసుకుంది.

"ఏందప్పా, మా తల్లి మొగమే పోగొడితివా?" అన్నాడు పెద్దాయన.

మామ నాకు ఫోన్ చేశాడు. "పాపా, నీ కాడిది తీస్కోని బేగా రా."

నేను వెళ్ళి డిస్కు తగిలించాను. ముఖం తెర మీదికి రాగానే పెద్దాయన భుజం మీద తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని లేచి నిలబడ్డాడు.

మామ అత్త వైపు తిరిగాడు. "కండ్లు లేనోళ్ళకు భయపడితివి. నాకు యానాడన్నా భయపడితివా?"

"నీకు భయపడేదేంది, టీ సల్లారిపోతాంది తాగు."

ఆ రోజే ఫోన్లన్నిటికీ చూసే వీలు మాత్రం ఉంచి, చెరిపే వీలు తీసేశాడు. "అందరూ చూడొచ్చు, ఎవురూ ముట్టుకోగూడదు. గుళ్ళో మాదిరి" అన్నాడు. అంతకంటే బాగా ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు.

కర్మలు అయ్యాక డిస్కు తీసుకుని ఆళ్ళగడ్డ వెళ్ళాను. షెడ్డులో ఆయన చివరి విగ్రహం ఉంది. అమ్మవారే. పెదవుల దాకా నునుపు తేలింది, కళ్ళు లేవు. నేను చూస్తూ నిలబడితే అత్త టార్చిలైటు తెచ్చింది.

"తీయి పాపా. నాలుగు పక్కలా తీయి. నేను ఎలుతురు పడతా."

ఆమె చుట్టూ తిరుగుతూ వెలుగు పట్టింది. నేను ఫొటోలు తీశాను. మూడు డిస్కుల్లోకీ ఎక్కించాను. అయిపోయాక, మామ ఉలులు చుట్టుకునే గుడ్డలో నా డిస్కు చుట్టి అత్త నా చేతిలో పెట్టింది.

"వచ్చే నెల వస్తావు గదా?"

"వస్తా అత్తా."

బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాను. గుడ్డకు రాతిపొడి వాసన. శిరివెళ్ళ దాటినా డిస్కు ఇంకా వెచ్చగానే ఉంది.