కిటికీ సీటు

తనకు ఊపిరి బాగా ఉందని బస్సులో ఒకడు నా ముందు గొప్పలు పోయాడని ఇంట్లో చాలాసార్లు చెప్పాను. అది అబద్ధం.

ఆ పొద్దున ఖమ్మం దవాఖానాలో రాళ్ల మిల్లు కూలీలకు ఊపిరి పరీక్ష చేశారు. పలుగురాళ్ల దుమ్ము నా ఊపిరితిత్తులను పట్టేసింది. గొట్టంలోకి ఊదబోతే దగ్గే వచ్చింది. వరుసలో నా వెనకున్నతను మాత్రం ఒక్క గుక్కలో ఊదేశాడు.

"శభాష్! నీకింకా ఏం కాలే," అన్నాడు డాక్టరు.

నాకు కడుపు మండింది.

భద్రాచలం బస్సులో అతను నన్ను చూసి కిటికీ దగ్గర నుంచి లేచాడు.

"ఇట్ల కూసో అన్నా, గాలి తగుల్తది. నాకు ఊపిరున్నది గద."

"ఉంటే నీ కాడనే పెట్టుకో."

అతను నవ్వి, నిలబడే వచ్చాడు. నేను ఆయాసపడుతూ సీటు అంచునే కూర్చున్నాను. అడవి మొదట్లో అతను దిగాకే కిటికీ వైపు జరిగాను. అది చూసి, రోడ్డు మీద నుంచి సంతోషంగా చెయ్యి ఊపాడు.

నేను షట్టరు దించేశాను.