తలుపు పడమరకి తిప్పింది నేనే

మా వదిన ఇంటి తలుపు పడమరకి ఎందుకుందని అడిగితే మా వాళ్లందరూ ఒకటే చెబుతారు. ఇల్లు మోసుకెళ్లిన లారీ డ్రైవరు బర్మా మనిషి, అతనికి మన దిక్కుల పట్టింపు తెలియక తిప్పి ఎక్కించాడని. ఎనిమిదేళ్లుగా పెళ్లి పందిళ్లలో నవ్వులాటగా తిరుగుతున్న మాట ఇది. మొదట చెప్పినవాణ్ని నేను. అది అబద్ధం.

అది కట్టిన ఇల్లు కాదు, కొన్న ఇల్లు. మేం బర్మాలో స్థిరపడిన తెలుగువాళ్లం. మా అన్న సేక్కాన్ రేవులో క్రేను నడిపేవాడు. ఫ్యాక్టరీలో తయారై, లారీ మీద వచ్చి, నేల మీద దిగే ఇళ్లను రోజూ చూసేవాడు. ఇరవై అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, కింద ఇనుప చట్రం, రేకు గోడలు. అలాంటిదొకటి కొని అదే ఊళ్లో తామ్వే పేటలో అద్దె స్థలంలో దింపించాడు. వీధివాళ్లు డబ్బా ఇల్లు అన్నారు. "మీ అన్న ఇల్లు కొనడమేటి, సబ్బు కొన్నట్టు," అని వదిన నా దగ్గర వెక్కిరించేది. కానీ గుమ్మం తూర్పుకి పెట్టించింది తనే. మిగతాది అన్న చేశాడు. లోపల చెక్క పరిచాడు, గోడలకు అరలు బిగించాడు, గుమ్మం ముందు రెండు మెట్లు పోశాడు.

పెళ్లి చేసుకోని నాకు ఆ మెట్లే ఇల్లు. పొద్దున్నే పబేడాన్‌లోని నా లారీ బుకింగ్ కొట్టుకి వెళ్లేముందు అక్కడ కూర్చునేవాణ్ని. అన్న పై మెట్టు మీద, నేను కింది మెట్టు మీద. వదిన గుమ్మానికి ఆనుకుని నిలబడి టీ గ్లాసులు అందించేది. ఎండ మోకాళ్ల మీదికి వచ్చేదాకా ఎవరమూ లేచేవాళ్లం కాదు. ఏం మాట్లాడుకున్నామంటే గుర్తులేదు. ఎదురింటి కుక్క గురించో, వానాకాలం పైకప్పు మీద చప్పుడుకి నిద్రపట్టకపోవడం గురించో. ఇప్పుడు ఎక్కడ టీ తాగినా అది నిలబడి తాగినట్టే ఉంటుంది.

అన్న గుండె ఆగి పోయాడు. ఏడాది తిరక్కుండానే స్థలం యజమాని ఖాళీ చేయమన్నాడు. మోల్మేన్ దాటాక ఒక పల్లెలో వదిన చెల్లెలికి కొంచెం జాగా ఉంది, అక్కడికి రమ్మంది. ఇల్లు ఇక్కడే అమ్మేసి అక్కడ వెదురుతో వేసుకోమని అందరూ చెప్పారు. నేనూ చెప్పాను.

"ఇల్లొదిలీసి నేనెక్కడికెల్తాను? ఆ అరలు నీ అన్న బిగించినవి," అంది వదిన. "పెద్ద లారీలోడివి కదా, ఎత్తించు."

ఎత్తించడానికి ఒప్పుకున్నాను. వదిన అడిగింది ఒక్కటే. చెల్లెలి జాగాలోకి సందులోంచే వెళ్లాలి, లారీ ఉత్తరం ముఖంగా లోపలికి వస్తుంది, పక్కన కరెంటు తీగలు, పోకచెట్లు. అక్కడ ఇల్లు తిప్పడానికి చోటు లేదు. లారీ మీద ఎలా ఉంటే అలాగే పక్కకి దింపాలి. కాబట్టి ఎక్కించేటప్పుడే తలుపు కుడిపక్కకి ఉంటే, దిగాక తూర్పు చూస్తుంది. ఇదంతా కాగితం మీద గీసి నాకిచ్చి, దేవుడి పటాలు తీసుకుని ముందురోజే బస్సెక్కింది.

డ్రైవరు నాకు చాలాకాలంగా తెలుసు. నాకంటే పెద్దవాడు, అకో అని పిలిచేవాణ్ని, బర్మా మాటలో అన్నా అని. పొద్దున్నే వచ్చాడు. లారీ ఏ చివర నుంచి వీధిలోకి వచ్చిందో నేను చూసుకోలేదు. రేవు నుంచి తెప్పించిన క్రేను ఇంటిని పైకెత్తాక డ్రైవరే అన్నాడు.

"తలుపు ఎడమవైపు వస్తోంది. నువ్వు చెప్పింది కుడివైపు కదా?"

నేను కాగితం తీసి చూశాను. అతను చెప్పింది నిజమే.

"దింపించు," అన్నాడు. "ఈ ఇరుకులో ఇల్లు తిప్పలేం, చుట్టూ తిరిగి ఆ చివర నుంచి వస్తాను. బజారు రద్దీ, అరగంట పడుతుంది."

క్రేనువాడు రేవుకి తిరిగి వెళ్లాలని తొందరపెడుతున్నాడు. వీధి నిండా జనం చూస్తున్నారు. రోజూ లారీలు పంపేవాడు ఇంత చిన్న లెక్క తప్పాడంటే ఏమనుకుంటారోనని నాకు సిగ్గేసింది. "పరవాలేదు అకో, అక్కడ ఎలాగో తిప్పుదాం, కట్టెయ్," అన్నాను. అతను నా ముఖంలోకి ఒకసారి చూసి తాళ్లు కట్టడం మొదలుపెట్టాడు.

లారీ ఊరు దాటకముందే వదిన ఫోను. "తలుపు కుడిపక్కే కదా ఎట్టించినావు?"

"కుడిపక్కే వదినా."

రెండు రోజుల ప్రయాణం. తీగలు తక్కువ ఎత్తులో ఉన్నచోటల్లా నేను పొడుగాటి వెదురు కర్రతో ఇంటి కప్పు మీదికెక్కి వాటిని ఎత్తి పట్టుకునేవాణ్ని, అతను కింద నడక కంటే నెమ్మదిగా పోనిచ్చేవాడు. పెగూ దాటాక, సిట్టాంగ్ వంతెన మీద, కింద వెడల్పుగా నది, నా కాళ్ల కింద మా అన్న ఇల్లు. ఎలాగో తిప్పుదాం అని నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను.

తిప్పడం కుదరలేదు. సందు మొదట్లో చిన్న వంతెన, వెంటనే మలుపు. వెనక్కి నడిపిస్తూ లోపలికి వస్తే తలుపు తూర్పుకి వచ్చేది. అందుకని డ్రైవరు రెండుసార్లు ప్రయత్నించాడు. రెండుసార్లూ వెనక చక్రాలు వంతెన అంచుదాకా వచ్చాయి. నా తప్పు దిద్దడానికి అతను పడుతున్న పాటు, చూస్తున్నవాళ్లకి చేతకానివాడి తడబాటులా కనిపించింది. చివరికి ముందుకే వచ్చాడు. మోల్మేన్ నుంచి తెప్పించిన క్రేను ఇంటిని దింపింది. తలుపు ఎదురుగా, నాలుగడుగుల దూరంలో, రబ్బరు రేకులను పొగబెట్టి ఆరబెట్టే కొట్టం గోడ.

వదిన ఆ గోడనీ తలుపునీ చూసింది. తర్వాత నన్ను చూసింది.

"డ్రైవరు తిప్పి ఎక్కించేశాడు వదినా. వాళ్లకి మన దిక్కులు తెలీవు కదా."

తెలుగులో అన్నాను. అతను పక్కనే తాళ్లు విప్పుతున్నాడు. అతనికి అర్థం కాలేదు.

వదిన వెనుదిరిగి ఇంటి అవతలివైపుకి నడిచింది. తూర్పు గోడకి ఉన్న కిటికీ కింద బల్ల వేయించి, రెక్కలు తీయించి, పాలగిన్నె చెల్లెలికిచ్చి బల్ల ఎక్కింది.

"ఏటిదక్కా, దొంగలాగ," అంది చెల్లెలు.

"నా ఇంట్లోకి నేను దొంగలాగెల్తే నీకేటే? గిన్నె అందించు."

చీర కుచ్చిళ్లు దోపుకుని, కుడికాలు ముందు పెట్టి కిటికీలోంచి లోపలికి దిగింది. లోపల పాలు పొంగించింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

తర్వాత భోజనాలు. పోకచెట్ల కింద ఆకులు వేశారు. అన్నం, చేపల పులుసు. క్రేనువాళ్లని పిలిచింది, సాయం పట్టిన ఊరివాళ్లని పిలిచింది, నన్ను పిలిచింది. డ్రైవరు నూతి దగ్గర చేతులు కడుక్కుని, నడుముకి కట్టిన లోంజీకి తుడుచుకుంటూ వచ్చి లారీ పక్కన నిలబడ్డాడు. వదిన అతనివైపు చూడలేదు. కాసేపు నిలబడి, తాళ్లు చుట్టుకుని, లారీ ఎక్కి వెళ్లిపోయాడు. నేను తింటూనే ఉన్నాను.

ఆ కిటికీని తర్వాత కిందిదాకా కోయించి తలుపు చేసుకుంది. అన్న బిగించిన అరల్లో ఒక వరస అందులో పోయింది. పాత తలుపు మూసే ఉందట. "ఉందట" అంటున్నాను, ఎందుకంటే నేను మళ్లీ వెళ్లలేదు. పిలిచినప్పుడల్లా ఏదో పని చెప్పాను. పిలుపులు తగ్గాయి. డ్రైవరు ఆ ఏడు రెండుసార్లు నా కొట్టుకి వచ్చి కిరాయిలేమైనా ఉన్నాయా అని అడిగాడు. మావాళ్లెవరూ అతనికి సరుకు ఇవ్వడం లేదు. లేవన్నాను. ఎందుకు లేవో అతను అడగలేదు.

పోయిన నెల పబేడాన్‌లో ఒక పెళ్లి. సామాను లారీ గురించి మాటొచ్చి ఎవరో మళ్లీ ఆ కథ ఎత్తుకున్నారు. ఈసారి డ్రైవరు తాగి ఉన్నాడని కూడా కలిపారు. అతను కిళ్లీ తప్ప ఏమీ ముట్టడు. తెల్లారి వదినకి ఫోను చేసి మొత్తం చెప్పాను.

తలుపు గురించి అరుస్తుందనుకున్నాను. తలుపు ఊసే ఎత్తలేదు.

"చేతులు కడుక్కుని నిలబడ్డాడు బాబూ," అంది. "నేను సూసినాను. సూసి కూడా అన్నం ఎట్టకండా పంపించీసినాను. నా గుమ్మంలోంచి ఎవులూ అలాగెల్లలేదు."

"నాదే తప్పు వదినా."

"నీదని తెల్సింది కదా, ఇంకేటి. అతన్ని తీసుకురా. అన్నం ఎట్టాలి. అతను రాకండా నువ్వు రాకు."

అప్పటినుంచి వెతుకుతున్నాను. సేక్కాన్‌లో లారీలు ఆగేచోటికి వారానికి రెండుసార్లు వెళ్తున్నాను. లారీ అమ్మేసి ఎగువ బర్మా వెళ్లాడని ఒకరు, కూతురితో సరిహద్దు దాటాడని ఒకరు. పాత ఫోను నంబరు మోగదు. అడిగిన ప్రతివాడికీ ఎందుకు వెతుకుతున్నానో చెబుతున్నాను. ఇంటిని తిప్పి ఎక్కించింది అతను కాదని, నేనని.

ప్రతి ఆదివారం పొద్దున వదిన ఫోను చేస్తుంది. ఎనిమిదేళ్లలో ఇన్నిసార్లు నాతో మాట్లాడలేదు. వెనక కోళ్ల అరుపు వినిపిస్తుంది, గిన్నె ఏదో దింపిన చప్పుడు. తను ఇప్పుడు ఇంట్లో ఏ మూల నిలబడి ఉందో ఊహించుకుంటాను. కుశలం అడగదు. "దొరికినాడా?" అంటుంది.

మొన్న ఆదివారం, దొరికాడు, అంత దూరం రాలేనన్నాడు, మా ఇంట్లో అన్నం పెట్టి పంపాను, అనే మాట నోటిదాకా వచ్చింది. ఆ ఒక్క మాట అంటే వచ్చే వారం బస్సెక్కి ఆ ఇంట్లో కూర్చోవచ్చు.

"లేదు వదినా," అన్నాను.

"సూడు మరి," అని పెట్టేసింది.