గజ్జెలు తినే వైరు

ఆ రోజుల్లో నాకు ఏ పని మొదలుపెట్టినా ముందుగా జాబితా రాసుకోవడం అలవాటు. ఇప్పటికీ ఉంది, కానీ అప్పటి గర్వం లేదు. ఆ అలవాటు ప్రకారమే చెబుతాను. ఆ ఆదివారం పొద్దున కరీమాబాద్‌లో మా పెద్దబాపు ఇంటి ముందుగదిలో ఉన్నవాళ్లం ముగ్గురం: పెద్దబాపు (మా నాన్నకు అన్న), పెద్దమ్మ, నేను. ఉన్న వస్తువులు: ఆయన తన చేతులతో ప్లైవుడ్ కోసి చేసుకున్న స్పీకరు బాక్సులు రెండు, మర ఒకటి ఊడిపోయిన యాంప్లిఫయరు ఒకటి, పాటలున్న పెన్‌డ్రైవు ఒకటి, ప్లాస్టిక్ కుర్చీలు రెండు, మందుల కవరు ఒకటి, దవాఖాన కాగితాల ఫైలు ఒకటి (రంగురంగుల చీటీలు అంటించి దాన్ని విభాగాలు చేసింది నేనే, ఎవరూ అడగలేదు). లేనిది ఒక్కటే, బాక్సుల్ని యాంప్లిఫయరుకు కలిపే వైరు.

పెద్దబాపు ముప్పై ఏళ్లు మైకుసెట్టు నడిపాడు. పెళ్లిళ్లు, బోనాలు, చర్చి పండుగలు, ఎలక్షన్ మీటింగులు, ఏది పిలిస్తే దానికి నర్సంపేట నుంచి ఏటూరునాగారం దాకా ట్రాలీ ఆటోలో బాక్సులు వేసుకుని పోయేవాడు. "హలో, హలో, మైక్ టెస్టింగ్" అంటే మూడు వాడలకు వినపడే గొంతు. అంత మోత మోగించిన మనిషి ఇంట్లో మాత్రం ఒక్క బాక్సు కూడా ఉండేది కాదు. పెళ్లైన కొత్తలోనే పెద్దమ్మ షరతు పెట్టిందట: "ఊరంత మోగిచ్చుకో, నా ఇంట్ల మోగద్దు." ఆయన ఆ మాట తప్పలేదు. చివరికి ఆ గొంతులోనే క్యాన్సర్ వచ్చింది. దుకాణం సరుకంతా, హారన్లూ స్టాండ్లూ వైరు చుట్టలూ కలిపి, ఎవరికో ఒకేసారి అమ్మేశారు. ఈ రెండు బాక్సులూ యాంప్లిఫయరూ మాత్రం ఆయన ఇవ్వనన్నాడు. రోజూ కరెంటు పెట్టించుకోవడానికీ (రేడియేషన్‌ని మా ఇంట్లో అందరూ అలాగే అనేవారు), ప్రతి సోమవారం సూదిమందు ఎక్కించుకోవడానికీ దవాఖానకు పోవాలి. మొదటి సోమవారం అయ్యాక, కాగితం నలిపినట్టున్న గొంతుతో పెద్దమ్మను అడిగాడు, తన బాక్సులు ఒక్కసారి తన ఇంట్లో మోగితే కూర్చుని వినాలని ఉందని. ముప్పై ఏళ్లు పరాయి పెళ్లిళ్లలో బాక్సుల వెనక నిలబడ్డవాడే కానీ ముందు కుర్చీలో కూర్చుని పాట విన్నవాడు కాదు. పెద్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "పెట్టుకో, ఎవలద్దన్నరు," అన్నది, తాను ఎన్నడూ వద్దననట్టే.

"మూలమీది సేటు దగ్గర ఎర్రది నల్లది జంటవైరు ఎనిమిది మీటర్లు తేరా బిడ్డా. పది నిమిషాల పని," అన్నాడు పెద్దబాపు నాతో.

నాకప్పుడు ఇరవై మూడేళ్లు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి ఒక కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరి నాలుగు నెలలు. పది నిమిషాల పని అనే మాట నాకు అవమానంగా తోచింది.

"అది బల్బులకు వాడే వైరు పెద్దబాపూ. స్పీకర్లకు వేరే ఉంటది. తక్కువ ధరలనే మంచిది చూసి నేను తెస్త."

"వైరుల ఏముంటదిరా చూసుడు? రెండు తీగలు. ఒకదాంట్ల పోతది, ఒకదాంట్ల వస్తది."

"నువ్వు ఊకో," అన్నది పెద్దమ్మ. "చదువుకున్న పోరడు చెప్తాండు గద."

ఆ ఒక్క మాట నా తలకెక్కింది. ఇంటికి పోయి కంప్యూటర్‌లో పట్టిక తయారుచేశాను. అడ్డంగా పద్నాలుగు రకాల వైర్లు, నిలువుగా మందం, పోగుల సంఖ్య, రాగి స్వచ్ఛత, పైతొడుగు, ధర, కొన్నవాళ్ల అభిప్రాయం. మూడింటి నమూనా ముక్కలు తెప్పించి బ్లేడుతో గీకి చూశాను. పైన రాగి రంగు, లోపల తెల్లగా అల్యూమినియం. వాటిని ఎర్రగడిలోకి తోశాను. ఆ విజయంతో ధైర్యం వచ్చి వీడియోల్లోకి దిగాను. గడ్డం పెంచుకున్న ఒక పెద్దమనిషి, వైరు నేలకు తగిలితే పాట మసకబారుతుందని, చిన్న చిన్న కొయ్యముక్కల మీద దాన్ని లేపి ఉంచాలని ఎంతో శాంతంగా చెప్పాడు. (రెండు రోజులు నమ్మాను. కొయ్యముక్కలు కూడా కోశాను.) ఇంకొకాయన కరెంటు ఏ వైపు పోవాలో వైరు మీద బాణం గుర్తు ఉండాలన్నాడు. నిజానికి తెలుసుకోవాల్సింది నాలుగో రోజుకే తెలిసిపోయింది. అసలైన రాగి అయితే చాలు, కొంచెం మందం ఉంటే చాలు, అవసరానికి మించి పొడవు లేకపోతే చాలు. మిగతాదంతా డబ్బా మీది బొమ్మ. అయినా నాలుగో రోజున కొనలేదు. తెలిసినదాన్ని ఖాయం చేసుకోవడానికి మిగిలిన రోజులన్నీ పట్టాయి.

సోమవారాలు సెలవు పెట్టి స్కూటీ మీద ఆయన్ను దవాఖానకు తీసుకుపోయేవాణ్ని. పైన సీసాలోంచి మందు చుక్కచుక్కగా ఆయన చేతిలోకి దిగుతుంటే, పక్కన స్టూలు మీద కూర్చుని ఫోన్‌లో వైర్ల గురించి చదివేవాణ్ని.

"తేలిందా బిడ్డా?" అనేవాడు కళ్లు మూసుకునే.

"ఇంక రెండే ఉన్నయి పెద్దబాపూ. వాటి మధ్యలనే చూస్తున్న."

"చూడు చూడు. నేనెక్కడికి పోత."

పక్క మంచం మీది ముసలాయన దీనికి గట్టిగా నవ్వి, దగ్గు వచ్చి, నర్సుతో చీవాట్లు తిన్నాడు. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. "పిల్లను చూసేటోళ్లు గూడ ఇన్ని దినాలు చూడరు గదరా," అన్నది ఇంటికి వచ్చాక. "నీకు పిల్లనిచ్చేటోనికి ముందే చెప్పాలె, జర టిఫిన్ కట్టుకొని రమ్మని."

మూడో సోమవారం తర్వాత ఒక సాయంత్రం పెద్దబాపు ఉన్నట్టుండి, "ఎవలదో మైకు కూత పెడ్తాంది. వాల్యూం తగ్గియ్యమను," అన్నాడు. మైకు బాక్సుకు ఎదురుగా వస్తే కుయ్‌మని వచ్చే మోతను వాళ్లు కూత అంటారు. మేము చెవులు రిక్కించాం. వాడలో ఏ మోతా లేదు. "ముప్పై ఏండ్లు అదే పని, తలకాయల ఇంకా తిరుగుతాంది," అని పెద్దమ్మ అంటే అందరం నవ్వాం. ఆయన కూడా నవ్వాడు. నేను ఆ నవ్వులోనే రెండు వైర్లలో ఒకదాన్ని తేల్చేశాను.

ఆయన అడిగిన ఇరవై రెండో రోజున వైరు వచ్చింది. స్వచ్ఛమైన రాగి, రెండున్నర చదరపు మిల్లీమీటర్ల మందం, ఒక్కో బాక్సుకు నాలుగు మీటర్లు. తన కాలంలో ఆయన వైరు తొడుగును పళ్లతోనే ఒలిచేవాడు. నేను దానికోసం తెచ్చిన పట్టకారును చూసి, "పండ్లతోని వైరు ఒలిచినోన్ని, ఇప్పుడు ఇడ్లీ నమలరాదు," అన్నాడు ఎవరినీ ఉద్దేశించకుండా. కొసలు మెలిపెట్టి బిగించాను. ఆయన్ను రెండు బాక్సులకూ సమదూరంలో (టేపుతో కొలిచి) కుర్చీలో కూర్చోబెట్టాను. ఎన్నో బోనాల్లో ఆయన వేసిన పాత జానపదం పెట్టాను. ముందు డప్పు, తర్వాత ఆడగొంతు, రెండో చరణానికి వెనక నుంచి గజ్జెలు అందుకుంటాయి. అవి ఎంత తేటగా మోగాయంటే నాకు ఒళ్లు పులకరించింది. పాట ఆపి, మెచ్చుకోలు కోసం ఆయన వైపు చూశాను.

"గజ్జెలేవిరా?" అన్నాడు పెద్దబాపు.

"మోగినయి గద పెద్దబాపూ."

"మోగలే. డప్పు మంచిగున్నది, గొంతు జర మబ్బుగున్నది. గజ్జెలు లెవ్వు. ఈ పాట నాకు నువ్వు చెప్తవా? నీ వైరు తింటాంది."

మరొకరైతే ఇక్కడ ఆగి ఆలోచించేవాళ్లు. నాకు వినపడుతున్నవి ఆయనకు వినపడటం లేదంటే సంగతి ఏమిటని అడిగేవాళ్లు. నేను మాత్రం ముప్పై ఏళ్ల అనుభవమున్న చెవి తప్పు చెప్పదని, నా చెవే పనికిరాదని నిర్ణయించుకున్నాను. పట్టికలో రెండో స్థానంలో ఉన్న వైరు తెచ్చాను. గజ్జెలు లేవు. మూడోదాన్ని తెప్పించే ఓపిక లేక మూలమీది సేటు దగ్గరికే పోయి, సన్నటి శబ్దాలను మింగని వైరు ఉందా అని అడిగాను.

సేటు కళ్లజోడు తీసి నన్ను చూశాడు. "పాట వస్తాందా తమ్మీ?"

"వస్తాంది. గజ్జెలే వస్తలేవు."

"మా తాతల కాడికెల్లి వైర్లమ్ముతున్నం. కరెంటు కొట్టే వైరు చూసినం, ఎలుకలు తినే వైరు చూసినం. గజ్జెలు తినే వైరు మాత్రం చూడలే." ఆ తర్వాత గొంతు తగ్గించి, "మీ పెద్దబాపుకు ఎట్లున్నది పానం?" అని అడిగాడు. నేను బాగానే ఉందని చెప్పి, మూడో వైరు కోయించుకుని వచ్చాను. సేటు అడిగిన ప్రశ్నలోనే జవాబు ఉందని నాకు తోచలేదు.

మూడో వైరు బిగిస్తుంటే వంటింట్లో కుక్కర్ కూత వేసింది. పెద్దమ్మ దొడ్లోకి బట్టలు ఆరేయడానికి పోతూ, "మూడు కూతలైతే బంద్ చెయ్యి," అని ఆయనకు ముందే చెప్పింది. అది ఆయన రోజూ చేసే పనే. పెద్దబాపు వంటింటి గుమ్మం పక్కనే కూర్చున్నాడు. మూడైంది, నాలుగైంది. ఆయన కదల్లేదు. నా చేతిలోని వైరును చూస్తూ కూర్చున్నాడు. ఐదో కూతకు నేను లేచి పొయ్యి ఆపాను. పప్పు అడుగంటిన వాసన వచ్చింది.

"ఎన్ని కూతలైనయి పెద్దబాపూ?" అన్నాను.

"ఇంక కాలే గద."

ఫోన్‌లో శబ్దాలు పుట్టించే యాప్ ఉంది. లావు మోత నుంచి సన్నటి మోతకు వరసగా వినిపించి, వినపడితే వేలెత్తమన్నాను. ఐదువందల హెర్ట్జ్‌కు ఎత్తాడు. వెయ్యికి ఎత్తాడు. రెండువేలకు కొంచెం ఆలోచించి ఎత్తాడు. నాలుగువేల దగ్గర నుంచి వేలు తొడ మీదే ఉండిపోయింది. నేను అలవాటు కొద్దీ గ్రాఫు గీశాను. గీత రెండువేలు దాటాక గోడ మీద నుంచి పడ్డట్టు పడింది.

నా నోటుపుస్తకం తీశాను. మొదటి సోమవారం డాక్టరమ్మ చెప్పిన జాగ్రత్తలన్నీ వరుస సంఖ్యలు వేసి అందులో రాసుకున్నాను. ఏడోది: ఈ మందుతో చెవులు దెబ్బతినవచ్చు, చెవుల్లో కుయ్‌మన్నా, సన్నటి శబ్దాలు వినపడకపోయినా ఆ రోజే వచ్చి చెప్పాలి. నా చేతిరాతే. కింద గీత కూడా గీసి ఉంది.

"వైరు మంచిదేనా?" అన్నాడు పెద్దబాపు, నా మొహం చూసి.

"మంచిదే. మూడూ మంచివే."

"అంటే లైను నా దిక్కు కట్టయిందన్నట్టు," అన్నాడాయన. ఆ తర్వాత, నన్ను అడుగుతున్నట్టు కాదు, తనలో తానే లెక్క చూసుకుంటున్నట్టు, "మొదటి సూదికాడ బాగనే ఉండె. ఆ మర్నాడు పొద్దున పిట్టలు గూడ వినపడ్డయి," అన్నాడు. పది నిమిషాల్లో తెచ్చే వైరు తెచ్చి ఉంటే ఆ ఆదివారమే ఆయన గజ్జెలు వినేవాడని ఆయన అనలేదు. అనాల్సిన అవసరం కూడా లేదు.

మరుసటి రోజు డాక్టరమ్మ మందు మార్చింది. కూత మొదలైన రోజే వస్తే కొంత ఆగేదని, పోయింది మాత్రం తిరిగి రాదని చెప్పింది. నేను అది కూడా రాసుకున్నాను.

ఆ సాయంత్రం సర్దుదామని బాక్సుల వైర్లు ఊడదీయబోతే పెద్దబాపు వద్దన్నాడు. "పెట్టు. గజ్జెలు నాకు యాదికున్నయి." అదే పాట పెట్టాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. డప్పు అయింది, మొదటి చరణం అయింది, రెండో చరణం దగ్గర ఆయన చూపుడువేలు కుర్చీ చేతి మీద సన్నగా కొట్టుకోవడం మొదలైంది. నేను గజ్జెల్ని వింటూ ఆ వేలును చూశాను. ఒక్క దెబ్బ తప్పలేదు. పెద్దమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, "జర పెద్దగ పెట్టు," అన్నది నాతో. జీవితంలో ఆమె ఆ మాట అనడం నాకు తెలిసి అదే మొదలు. తర్వాతి ఏడాది వానాకాలంలో ఆయన పోయేదాకా ఆ పాట చాలాసార్లే మోగింది.

ఇప్పుడు తెలిసినవాళ్లు ఎవరైనా స్పీకరు వైరు ఏది కొనాలని అడిగితే, దగ్గరి దుకాణంలో రాగి వైరు ఈ రోజే కొనుక్కోమంటాను. పట్టిక కోసం చూసినవాళ్లు నిరాశపడతారు. ఆ ఇరవై మూడేళ్ల కుర్రాడు ఎదురైతే తిట్టలేను, కొంచెం నవ్వొస్తుంది. కొయ్యముక్కలు కోస్తూ, బాణం గుర్తులు వెతుకుతూ, పెద్దబాపుకు ఎంతో మేలు చేస్తున్నానని అనుకుంటున్నాడు. వాడి ల్యాబులోనే చాలా చిన్న నిరోధాలను కొలిచే, బ్రిడ్జి అనే పరికరం ఒకటి ఉంది. రోజూ దాని దుమ్ము తుడిచేవాడు, ఒక్క వైరు ముక్కను దానికి తగిలించి చూడాలని మాత్రం తోచలేదు. మొన్న ఆ పని చేశాను. స్టోరులోని మామూలు ఎర్రనల్ల జంటవైరు నాలుగు మీటర్లు, నేను ఏరికోరి తెచ్చిన రకం నాలుగు మీటర్లు తీసుకుని, స్పీకరు నిరోధంతో పోల్చి రెండింటినీ మూడుసార్లు కొలిచాను. తేడా నూటికి ఒకటి, ఏ చెవికీ తెలియనంత.