దల్మా కొండ మీద రెండో గేరు

డెబ్బైల చివర్లో, అగ్రికో కాలనీలోని మా కంపెనీ క్వార్టర్లో మా ఆయన, ఆయన స్నేహితుడు ఎప్పుడు కలిసినా కార్ల గురించే వాదించుకునేవారు. మా పాత అంబాసిడర్‌కు ఎత్తు ఎక్కేటప్పుడు రెండో గేరు జారిపోయేది. అది మా ఊరి పక్కనున్న దల్మా కొండ ఎక్కనే ఎక్కదని ఇద్దరూ తేల్చేశారు. నాకు అప్పటికే డ్రైవింగ్ వచ్చు.

"నేనెక్కిత్తాను, కూకోండి," అన్నాను.

కొండ మొదట్లోనే గేరు జారింది. మళ్లీ వేసి, ఎడమచేత్తో గేరు రాడ్‌ను గట్టిగా నొక్కిపట్టి, కుడిచేత్తోనే మలుపులన్నీ తిప్పాను. భుజం లాగేస్తున్నా చెయ్యి వదల్లేదు.

పైకి చేరాక వెనక సీట్లోంచి ఆ స్నేహితుడు, "అరే వా, వదినా! ఇక మేం మాటాడతాం, బండి మీరు తోలండి," అన్నాడు.

కొండ దిగేటప్పుడు కూడా మా ఆయన తాళంచెవి అడగలేదు, బండి నేనే తోలాను. గర్వంతో ఆ రోజు నాకు ఆకలి కూడా వెయ్యలేదు.