రెండో దెబ్బ ఎక్కడిది?

నా చిన్నప్పుడు, కోలారు బంగారు గనుల్లో పనివాళ్లు ఉండే లైనిండ్లలో పెరిగిన పిల్లలకు అక్షరాల కంటే ముందు గంటలు వచ్చేవి. మా నాయన గని బావి పైన బెల్లు కొట్టేవాడు. పనివాళ్లు ఎక్కిన ఇనుప బోనును ఆయన గంటను బట్టే ఇంజనువాళ్లు నడిపేవాళ్లు. ఒకటి కొడితే ఆపు, రెండు కొడితే దించు. మా ఆటల్లోనూ అదే చట్టం.

ఒక ఏడు నాయనకు టైఫాయిడ్ పట్టుకుంది. పది రోజులైనా జ్వరం దిగలేదు. ఆదివారం పొద్దున అమ్మ నన్ను ఆయన పక్కన కూర్చోబెట్టి కొళాయికి పోయింది. నేను పెద్ద ఆరిందాలా ఆయన మణికట్టు పట్టుకున్నాను. ఒక పెద్ద దెబ్బ, దాని వెనకే ఒక చిన్న దెబ్బ. మళ్లీ రెండు. మళ్లీ రెండు. రెండంటే దించు కదా! మా నాయనను ఎవరో మట్టిలోకి దించేస్తున్నారని నా పై ప్రాణాలు పైనే పోయాయి.

చెయ్యి వదిలితే వెళ్లిపోతాడేమోనని కూర్చున్న చోటి నుంచే కేకలు పెట్టాను. పక్కింటి అక్క పరుగెత్తుకొచ్చింది. ఆమె ఆస్పత్రిలో నర్సు, అప్పుడే చర్చి నుంచి వచ్చింది. ఏడుస్తూ గంటల సంగతి చెప్పాను. ఆమె నవ్వలేదు. నాయన నాడి చూసి, "బాగానే ఉండాదమ్మా. ఇంగ నువ్వు ఇట్ల రా" అని వాకిట్లోకి తీసుకుపోయింది.

బట్టలారేసే తాడు విప్పి, దాని కొసకు పురికొస ముడివేసి, ఆ పురికొసను కిటికీ ఊచకు కట్టింది. తాడు ఇవతలి కొస నా చేతికిచ్చి ఒక్కసారి విదిలించమంది. అల ఒకటి తాడు మీద పరుగెత్తింది. ముడి దగ్గర కొంత పురికొసలోకి పోయింది, కొంత వెనక్కి మళ్లి నా చేతిని తాకింది.

"ఎన్నిసార్లు విదిలించినావు?"

"ఒక్కసారే."

"మరి రెండోది యాడనుంచి వచ్చె?"

ముడి చూపించాను.

"మీ నాయన గుండె కూడా ఒక్కసారే కొడతాది. నెత్తురు పారే లావు నరం సన్న నరాలుగా చీలే చోట్ల కొంచెం వెనక్కి మళ్లుతాది. గుండె తలుపు మూసుకునే అదురూ దాంట్లో కలుస్తాది. అందరికీ ఉండేదే, ఈ జ్వరంలో వేలికి తెలుస్తా ఉండాది."

నాయన లేచి తిరిగాక ఈ సంగతి విని పొట్ట పట్టుకుని నవ్వాడు. "బెల్లు నా చేతిలో ఉంటే నన్ను దించేదెవరే?" అన్నాడు. ఆ నవ్వు చూసి నాకు సిగ్గూ వేసింది, సంతోషమూ వేసింది.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. గనులు మూతపడ్డాయి, నాయనా లేడు. మొన్న కోలారులో డాక్టరమ్మ, నా నరాలు గట్టిపడ్డాయని, వెనక్కి మళ్లే అల తొందరపడి వస్తోందని, గుండెకు బరువు కాబట్టి మాత్రలు మానొద్దని చెప్పింది. వయసైంది కదా, ఆ అలకూ త్వరగా ఇల్లు చేరాలని ఉంటుందని నేను నవ్వాను. నా వెంట వచ్చిన పదేళ్ల మనవరాలు మాత్రం నవ్వలేదు. బస్సులో దారి పొడుగునా నా మణికట్టు వదల్లేదు.

ఆ పట్టు నాకు తెలుసు. ఇంటికి రాగానే దాన్ని వాకిట్లోకి పిలిచి, బట్టల తాడు విప్పమన్నాను.