లైటు వేసి చల్లబరిచే పని

మా అక్క కూతురు బెంగళూరులో చేసే పరిశోధన, లైటు వేసి వస్తువును చల్లబరచడం. ఏడో తరగతితో బడి మానేసి, హిందూపురంలో ఫ్రిజ్‌లు బాగుచేసుకుని బతికే నాకు ఇది నా పొట్ట కొట్టే పనిలాగే తోచింది.

ఆ శనివారం తను ధర్మవరంలోని ఇంటికి వెళ్తున్న రైలే నేనూ హిందూపురంలో ఎక్కాను. నా నడుము పట్టేసి ఉంది. ఎదురు సీట్లో ఆ పిల్ల నాకంటే వాడిపోయి ఉంది.

"ఏమ్మా, గ్యాసు లేకుండా కూలింగు ఎక్కిందా?"

"ఎక్కల్యా మామా. ఇంగ మానుకుంటాండా. ఈ పొద్దే అమ్మకు చెప్తా."

నా నవ్వులాట ఆగిపోయింది. సంగతేమిటో చెప్పమన్నాను. పెనుకొండ దాటేదాకా చెప్పింది. వెంట్రుకకంటే సన్నని తీగను రెండు కొసలా బిగించి, గాలి తీసేసిన డబ్బాలో పెడతారట. వేడి ఉన్నంతసేపూ అది వణుకుతూనే ఉంటుంది. వణుకు తగ్గడమే చల్లబడటం. దాని మీద లేజరు వేసి, తిరిగొచ్చిన వెలుగును బట్టి తీగ ఎటు కదులుతోందో కనిపెట్టి, ఆ కదలికకు ఎదురుగా ఇంకో వెలుగుతో రవ్వంత నెట్టాలి. అలా నెట్టి నెట్టి నెమ్మదింపజేయాలి.

"ఐతే లైటు బాగా పెంచి సరిగ్గా చూడు. కరెంటు బిల్లేమన్నా నువ్వు కడతాండావా?"

"పెంచితే ఆ లైటే దాన్ని తంతాది మామా. తగ్గిస్తే అది యాడుండాదో తెలీదు. చూడకుండా ఆపలేను, చూస్తే ఊరికే ఉండదు."

"అచ్చం మీ అత్త మాదిరే ఉండాదే!"

నవ్వలేదు. నవ్వుతుందనే అన్నాను.

ఇంటికి చేరేసరికి అక్క మగ్గం దగ్గర కూర్చుని పడుగు అతుకుతోంది. అయిపోయిన పట్టుపోగుల కొసలకు కొత్త పోగుల కొసలు ఒక్కొక్కటే చేర్చి, బూడిద అద్దిన వేళ్లతో మెలిపెట్టడం. ఆ పని జరిగేటప్పుడు ఫ్యాను వేయరు, పోగులు చెదిరిపోతాయని. ముగ్గురికీ చెమటలు కారుతున్నాయి.

"ఇంగ నేను బెంగళూరుకు పోను మా" అనేసింది పిల్ల.

అక్క చేయి ఆగింది. కూతురి చదువు గురించి వీధంతా చెప్పుకుని మురిసే మనిషి, అరుస్తుందనుకున్నాను. తల కూడా ఎత్తలేదు.

"సరే. చేతులు కడుక్కోని ఆ పక్క నుంచి నువ్వు అతుకు. నా కండ్లు గుంజుతాండాయి."

పిల్ల కూర్చుంది. నేనేదో అనబోతే అక్క ఒక్క చూపుతో నా నోరు మూయించింది. కూతురి వైపు మాత్రం చూడలేదు. ఎందుకని అడగలేదు. చాలాసేపు మెలిపెట్టే వేళ్లు తప్ప ఏమీ కదల్లేదు.

పోగులు సగం అయ్యాక, ఎవరూ అడక్కుండానే పిల్ల నోరు తెరిచింది.

"లేజరు ఇంగా తగ్గించి ఒక తూరి చూడల్ల మా. ఏమీ కనపడదని భయపడి తగ్గించల్యా."

"అట్లనా" అంది అక్క, ఒక్క ముక్క అర్థం కాకపోయినా.

"సోమవారం పోతా. అదొక్కటీ చూసి, కాకపోతే మానుకుంటా."

"ముందు ఇది కానీయ్."

మానుకోవడం సోమవారం అవతలికి జరిగింది, అంతే. సంతోషించే ఓపిక ఎవరికీ లేదు. సగం పోగులు ఇంకా మిగిలే ఉన్నాయి, ఫ్యాను వేసే వీలూ లేదు.